ఎండని తెట్టు

అసిమీనా ఏడవలేదు. స్టేషన్ అధికారి ద్రాకోస్ లెక్కలో ఆమె చేసిన మొదటి నేరం అదే.

"తండ్రి శవాన్ని తీసుకెళ్లి గంటలు కాలేదు, ఈమె కంట చుక్క నీరు లేదు. ఇంకేం సాక్ష్యం కావాలి మేడమ్ నీకు?" అన్నాడు, ఆ అమ్మాయి గదిలో లేనట్టే.

మేడమ్ అన్న మాటను ద్రాకోస్ ఎప్పుడూ ఉమ్మేసినట్టే పలుకుతాడు. అతనూ రొదాంథీ పోలీసు శిక్షణలో ఒకే బ్యాచ్. లారిస్సా క్రైమ్ విభాగంలో ఇన్‌స్పెక్టర్ పోస్టుకి ఇద్దరూ పోటీపడితే అది ఆమెకి దక్కింది. అతనికి ఒలింపస్ కొండవాలున ఉన్న ఈ పెత్రోలకా ఊరు దక్కింది. ఆ పోస్టులో అసలు పనేముందని అప్పట్నుంచీ కనబడ్డ వాళ్లందరికీ చెబుతుంటాడు. అందని ద్రాక్ష పుల్లన అన్న సామెత కచ్చితంగా ద్రాక్ష పండే ఊళ్లోనే పుట్టి ఉంటుందని రొదాంథి అనుకుంది.

ఆమె కుర్చీ లాక్కుని అసిమీనా ఎదురుగా కూర్చుంది. పాతికేళ్లు దాటని పిల్ల. గోళ్ల చుట్టూ, అరచేతి గీతల్లో ఊదారంగు మరక. కోత రోజుల్లో ఈ ఊళ్లో ఎవరి చేతులు చూసినా అంతే, చర్చి పాదిరి చేతులతో సహా. కాబట్టి మరకలను బట్టి ఎవరినీ పట్టుకునే అవకాశం లేదు.

జరిగింది ఇది. అసిమీనా తండ్రి ప్రొకోపిస్ ఈ ఉదయం తన ఇంటి కింద ఉన్న వైన్ నేలమాళిగలో శవమై కనబడ్డాడు. తల వెనక దెబ్బ ఉంది. అయితే ఆ దెబ్బతో మనిషి పోడని డాక్టరు చెప్పాడు. స్పృహ తప్పి నేల మీద పడి ఉంటే, పులుస్తున్న ద్రాక్ష నుంచి వచ్చే విషగాలి అతన్ని చంపింది. ఆ గాలి బరువైనది, నేలకి దిగి నిలబడుతుంది. అందుకే పల్లపు వైపు గోడలో, నేల మట్టంలో ఒక గవాక్షం ఉంటుంది. ద్రాక్ష పులిసినన్నాళ్లూ దాన్ని మూయరు. నిన్న ఎవరో దాని తలుపు మూసి బయట గొళ్లెం పెట్టారు. దీన్ని ప్రమాదమని ఎవరూ అనలేరు.

నిన్న మధ్యాహ్నం తండ్రీకూతుళ్ల అరుపులు ఊరంతా విన్నది. సాయంత్రం బస్సుకి అసిమీనా లారిస్సాలో స్నేహితురాలింటికి పోయింది. పొద్దున ఊళ్లో బస్సు దిగేసరికి ద్రాకోస్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నానికి ప్రాసిక్యూటర్ ఆఫీసు బండి వస్తుంది. అందులో ఎక్కిందంటే తండ్రిని చంపిన కూతురిగా ఎక్కినట్టే. ఆ తర్వాత కోర్టు వదిలేసినా ఊరు వదలదు.

"దేనికి పోట్లాడుకున్నారు?" అని అడిగింది రొదాంథి.

"ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఆయనకి చెప్పే ఉంటారు," అంది అసిమీనా, ద్రాకోస్ వైపు చూడకుండానే.

"నువ్వు చెబితే వింటాను."

వినడమైతే విన్నది గానీ, ఆ పిల్ల ఒక్కో ముక్కా మొహాన విసిరినట్టే చెప్పింది. పెత్రోలకాలో మూడు రకాల ద్రాక్ష ఒకే వరుసలో కలిపి నాటుతారు. పులుపూ వగరూ ఉన్న క్సినోమావ్రో, నిండుదనమిచ్చే క్రసాతో, మెత్తటి స్తవ్రోతో. మూడూ ఒకేసారి కోసి ఒకే పెద్ద తొట్టిలో పోసి పులియబెడతారు. తాతల నాటి పద్ధతి. అసిమీనా ఏథెన్స్‌లో వైన్ చదువు చదివి వచ్చి, వేటికవి విడిగా పులియబెట్టి, రుచి చూసి, ఆ తర్వాత కలుపుదామంది. తోటని కూడా రకానికొక మడిగా మారుద్దామంది. విడిగా పెడితే స్తవ్రోతోలో చెర్రీ పండు వాసన బతుకుతుందంటుంది. పెద్ద తొట్టిలో అది మిగతా రెండింటి కింద నలిగి చస్తుందంటుంది. ఈ పిల్ల నోరు మూయించడానికి ప్రొకోపిస్ ఈ ఏడు ఒక మూల మూడు చిన్న తొట్లు ఇచ్చాడు. ఆమె తీగ తీగా వెతికి కోసి నింపుకుంది. నిన్న కాస్త రుచి చూడు నాన్నా అంటే, పసిపిల్లల పానకం నేను తాగను పొమ్మన్నాడు. అదీ గొడవ.

"నువ్వు వెళ్లేసరికి మీ నాన్న ఎలా ఉన్నాడు?"

"నిక్షేపంగా ఉన్నాడు. నన్ను తిడుతున్నాడు."

"నువ్వు వెళ్లాక ఎవరైనా వచ్చారా?"

అసిమీనా చూపు బల్ల మీదికి దిగింది. "నేను బస్సులో ఉన్నాను. నాకేం తెలుసు?"

ఈ పిల్ల ఎవరినో దాస్తోందని రొదాంథికి ఆ క్షణమే అనిపించింది. రెండుసార్లు అడిగింది. ఒకసారి మెత్తగా, ఒకసారి గట్టిగా. రెండుసార్లూ గోడకి చెప్పినట్టే అయింది. మీరంతా ఒకటే, మీకు ఎవరో ఒకరు దొరికితే చాలు, ఇప్పుడు నేను దొరికాను, ఇంకొకరి పేరు ఎందుకివ్వాలి అన్నది అసిమీనా. చివరికి రొదాంథి లేచి తలుపు దాకా వెళ్లాక, వెనక నుంచి అడిగింది.

"నా తొట్లు ఎవరైనా కలిపారా?"

ద్రాకోస్ పకపకా నవ్వాడు. "విన్నావా మేడమ్? తండ్రి చచ్చాడు, తొట్ల గురించి అడుగుతోంది. కంసాలి మనసు బంగారం మీదని!"

రొదాంథి నవ్వలేదు. ఆమె అమ్మమ్మది తిర్నావోస్ వైపు, ద్రాక్ష మీద బతికిన కుటుంబం. పులిసే రోజుల్లో తొక్కలన్నీ పైకి తేలి తెట్టు కడతాయి. రోజుకి రెండు మూడు సార్లయినా కర్రతో దాన్ని కిందికి తొయ్యాలి. ఒక పూట మరిచిపోతే ఎండి పగులుతుంది, ఈగలు ముసురుతాయి, సరుకంతా పుల్లటి వెనిగర్ అయి ఊరుకుంటుంది. అమ్మమ్మ కాన్పు నొప్పుల మీద కూడా తొట్టి కలిపాకే మంత్రసానిని పిలిచిందని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ పిల్ల అడిగినదాంట్లో రొదాంథికి తప్పేమీ కనబడలేదు.

ప్రొకోపిస్ ఇంటి ముందు రాతి అరుగు మీద అంథిమోస్ కూర్చుని ఉన్నాడు. శవాన్ని మొదట చూసింది ఇతనే. ప్రొకోపిస్ పెళ్లికి తోడు నిలబడి, ఇక్కడి ఆచారం ప్రకారం వధూవరుల తలల మీద కిరీటాలు మార్చినవాడు, అసిమీనాకి జ్ఞానస్నానం ఇప్పించిన జ్ఞానతండ్రి. ఈ దేశంలో అది రక్తబంధం కన్నా ఒక మెట్టు ఎక్కువ. రెండిళ్ల తాతలూ కలిసి నాటిన తోటనే ఈ ఇద్దరూ ఉమ్మడిగా సాగుచేస్తున్నారు. అరవై దాటిన మనిషి, భుజాలు మాత్రం ఇంకా గుంజల్లా ఉన్నాయి. ఒళ్లో గుడ్డ కప్పిన బుట్ట. రొదాంథిని చూసి లేవలేదు.

"డబ్బాల్లో వైన్ తాగే లారిస్సా వాళ్లు వచ్చి మాకు న్యాయం చెబుతారా?" అన్నాడు పలకరింపుగా.

పొద్దున ఏం చూశావని అడిగింది. కోత బుట్టల కోసం వచ్చానన్నాడు. తలుపు తియ్యగానే గాలి మొహాన కొట్టిందట. అడుగున ప్రొకోపిస్ పడి ఉన్నాడట. లోపలికి దిగితే తనూ పోతాడు కనుక ఇంటి చుట్టూ తిరిగి వెళ్లి గవాక్షం తెరిచి, నేరుగా స్టేషన్‌కి పరుగెత్తాడట.

"లోపలికి దిగలేదా?"

"అడుగు పెట్టలేదు. పోలీసులు వచ్చాక వాళ్ల వెనకాల కూడా దిగలేదు. ఆ మొహం చూడలేకపోయాను."

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?"

"తోటలో. చీకటి పడ్డాక ఇంటికెళ్లి పడుకున్నాను. ఈ ఇంటి గడప తొక్కలేదు." గొంతు తగ్గించి, పిల్ల మీద కఠినంగా ఉండొద్దన్నాడు. "చిన్నపిల్ల. కోపంలో తోసేసి ఉంటుంది. కావాలని చేసి ఉండదు. చదువు పాడుచేసింది దాన్ని. ఈ బుట్టలో రొట్టే జున్నూ ఉన్నాయి, దానికిచ్చి వస్తాను."

పిల్లని వెనకేసుకొస్తున్నట్టే ఉంది మాట. ఉరితాడు మాత్రం ఆ పిల్ల మెడకే బిగుస్తోంది. ఇలాంటి జాలి రొదాంథికి ఎప్పుడూ గిట్టదు. అతన్ని దాటి మెట్లు దిగింది. వెనక ద్రాకోస్ బూట్లు టకటకలాడాయి.

నేలమాళిగలో పులిసిన వాసన ముక్కు పట్టేసింది. నట్టనడుమ మనిషెత్తు కొయ్య తొట్టి, దాని పక్కన నాలుగు మెట్ల నిచ్చెన. ఎడమ మూల అసిమీనా మూడు చిన్న తొట్లు. ప్రొకోపిస్ పడి ఉన్న చోట సుద్దతో గీసిన గీత. తల తగిలింది రాతి మెట్టు అంచుకని ద్రాకోస్ వేలు చూపించాడు. తర్వాత చేతులు జేబుల్లో పెట్టుకుని గోడకి ఆనుకున్నాడు, ఈవిడ తంతు ఎప్పుడు ముగుస్తుందా అని.

చిన్న తొట్ల పక్కన ఒక చెక్క పలక. దాని మీద మూడు బుల్లి గ్లాసులు, అడుగున తలా ఒక రంగు మడ్డి. ఒక కూజా. రెండు పెద్ద గ్లాసులు. ఒకటి ఖాళీ. ఒకటి అంచుదాకా నిండి ఉంది, పైన మూడు ఈగలు తేలుతున్నాయి.

"ఇవి రాసుకున్నావా?" అంది రొదాంథి.

"వైన్ చేసే చోట గ్లాసులుండక చెప్పులుంటాయా?"

ఆమె నిండు గ్లాసు ఎత్తి వాసన చూసింది. ఇంకా పులియడం పూర్తికాని పచ్చి వైన్, కానీ చెర్రీ, పండిన అల్లనేరేడు ఒకేసారి పైకి లేచాయి. వెనక కాస్త పులుపు. మంచి వైన్ కాబోతోంది. అది తెలిసినందుకు ఆమెకి ఆ చచ్చిపోయినవాడి మీద నిజంగా బాధ కలిగింది.

"ప్రొకోపిస్ కూతురి తొట్లు మూడూ రుచి చూశాడు ద్రాకోస్. చూసి, కూజాలో మూడింటినీ కలిపాడు. కలిపి తనకొకటి పోసుకుని తాగాడు, వచ్చినవాడికొకటి పోశాడు. మధ్యాహ్నం పానకమన్న మనిషి సాయంత్రానికి మెత్తబడ్డాడు."

"ఆ రెండో గ్లాసు కూతురిదే. అలిగి తాగకుండా పోయింది."

"నాలుగేళ్లు చదివి, తండ్రి ఒక్క గుక్క తాగితే చాలని కాళ్లావేళ్లా పడ్డ పిల్ల. తండ్రి తాగి, నీ మాటే నిజమని గ్లాసు నింపి చేతికిస్తే వదిలేసి బస్సెక్కుతుందా? ఊరంతా తిరిగి చెప్పి ఉండేది."

"అయితే ఎవరు తాగలేదంటావు?"

"ఈ ఊళ్లో పోసిన గ్లాసు ముట్టకుండా వదలడమంటే మొహాన ఉమ్మడమే. పాత తొట్టి రోజులు అయిపోయాయని ఒప్పుకోలేని వాడెవడో వదిలాడు."

ద్రాకోస్ మెల్లగా చప్పట్లు కొట్టాడు. ఈగలు పడ్డ గ్లాసు పట్టుకుని ప్రాసిక్యూటర్ ముందు నిలబడితే నీ పరువుతో పాటు నా పరువూ పోతుందన్నాడు. లారిస్సాలో ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లకి ఇలాంటి కథలు తోస్తాయన్నాడు. తనకి కావలసింది ఎవరు అరిచారు, ఎవరు పారిపోయారు అన్నదే అన్నాడు. ఆ పోస్టు నీకెలా వచ్చిందో నాకు తెలీదా అని కూడా అన్నాడు. ఆ చివరి మాటకి రొదాంథికి అతని చెంప పగలగొట్టాలనిపించింది. కానీ బండి వచ్చే వేళవుతోంది, చెంపలకి టైము లేదు.

ఆమె చిన్న తొట్టి మీద మూత తీసింది. "చెయ్యి పెట్టు."

"ఎందుకు?"

"పత్తి రైతు కొడుకువి, నీకిది తెలియకపోవడం తప్పు కాదు. తెలుసుకోకుండా కేసు కట్టడం తప్పు. పెట్టు."

పెట్టాడు. తెట్టు ఎండి అప్పడంలా ఉంది. మధ్యలో బీటలు, గోధుమ రంగు, ముక్కు పగిలే పులుపు వాసన. రెండోదీ అంతే. మూడోదాంట్లో ఈగల గుంపు లేచింది. నిన్న మధ్యాహ్నం నుంచీ వీటిని ఎవరూ కలపలేదు. రొదాంథి తర్వాత అతన్ని పెద్ద తొట్టి నిచ్చెన ఎక్కించింది. తనూ పక్కనుంచి తొంగిచూసింది. అక్కడ తెట్టు తడిగా, నల్లగా, ఉబ్బి ఉంది. తొక్కలు ఒత్తితే రసం చిమ్మింది. పైన కొయ్య గోడకి తాజా నురగ అంటుకుని ఉంది.

"దీన్ని ఇవాళ పొద్దున కలిపారు," అంది. "నిన్న రాత్రి కలిపి ఉంటే ఇదీ అప్పడమయ్యేది. మీవాళ్లు గానీ చెయ్యి పెట్టారా?"

"మావాళ్లా? వాళ్లకి కాఫీ కలపడమే రాదు."

"మరి పొద్దున అసిమీనా లారిస్సాలో ఉంది. అది నువ్వే విచారించావు. ఒకవేళ ఆ పిల్లే ఏ మాయచేసో ఇక్కడికొచ్చి కర్ర పట్టుకుందనుకో, తన తొట్లని ఎండగట్టి తను అసహ్యించుకునే ఈ తొట్టిని కలుపుతుందా?"

ద్రాకోస్ అరచేతికంటిన ఊదారంగుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, మొండివాడు. ఓడిపోయానని తెలిసినప్పుడు అతనికి వచ్చే కోపం నిజమైన కోపం. ఫోను తీసి స్టేషన్‌లో ఉన్న కానిస్టేబుల్ థెమిస్‌కి చేశాడు. ఆ పిల్లని వదిలెయ్, బండి వస్తే వెనక్కి పంపెయ్, ఇక నుంచి ఈ కేసు మేడమ్ గారి నెత్తిన ఉంటుంది అని గట్టిగా, ఆమె వినేలా అరిచి పెట్టేశాడు.

"సంతోషమేనా? ఇప్పుడు చెప్పు, ఎవరు కలిపారు? ఈ గది నిండా విషగాలి. మనిషి దిగితే చచ్చే చోట దెయ్యం దిగి కర్ర తిప్పిందా?"

వెటకారానికి అడిగాడు. కానీ ఆ ప్రశ్న రొదాంథి బుర్రలో నేరుగా దిగబడింది. ఇంతసేపూ ఎవరు కాదో నిరూపించే తొందరలో ఆమె ఈ చిన్న సంగతి వదిలేసింది.

"గాలి బయటికి పోయాకే దిగి ఉంటాడు," అంది మెల్లగా. "అంటే గవాక్షం తెరిచాకే. పోలీసులు రాకముందే."

"తెరిచింది..."

"అంథిమోస్. తెరిచి నేరుగా పరుగెత్తానన్నాడు. అడుగే పెట్టలేదన్నాడు. అబద్ధం. గాలి పోయేదాకా బయట కూర్చుని, దిగి, చచ్చినవాణ్ణి దాటుకుంటూ నిచ్చెనెక్కాడు. ఈ తొట్టిలో సగం అతని ద్రాక్ష ద్రాకోస్. ఉమ్మడి తోట. తెట్టు ఎండిపోతుంటే చూడలేకపోయాడు. పెళ్లికి కిరీటం మార్చిన స్నేహితుణ్ణి చావనిచ్చాడు గానీ వైన్‌ని చావనివ్వలేకపోయాడు."

ద్రాకోస్ ఈసారి చప్పట్లు కొట్టలేదు. అరుగు మీద ఇప్పుడే ఉన్నాడు కదా అంటూ మెట్లెక్కి చూశాడు. అరుగు ఖాళీ. బుట్ట కూడా లేదు.

అంథిమోస్‌కి ఇంకా తెలియదు తను బయటపడ్డానని. తెలియనంతసేపూ అతనికి ఒక్కరే అడ్డం. ప్రొకోపిస్ మనసు మార్చిన పిల్ల, ఉమ్మడి తోటని రకానికొక మడిగా విడదీయించబోయే పిల్ల. జైల్లో ఉంటే ఆ అడ్డం తొలగినట్టే. రొదాంథి ఆ పిల్లని జైలు నుంచి తప్పించింది.

"థెమిస్‌కి చెయ్యి. స్పీకర్ పెట్టు."

థెమిస్ గొంతు హుషారుగా ఉంది. చెప్పినట్టే వదిలేశానన్నాడు. ఒంటరిగా పంపడం ఎందుకని, రొట్టె తెచ్చిన అంథిమోస్‌కే అప్పగించానన్నాడు. తండ్రి తర్వాత తండ్రి కదా, ఆయన్ని చూడగానే ఆ పిల్ల అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా ఏడ్చేసిందన్నాడు.

"ఎక్కడికి వెళ్లారు?" అంది రొదాంథి.

"పైవీధిలో ఆయన సొంత నేలమాళిగకి మేడమ్. అక్కడి తొట్టి పొద్దుట్నుంచీ కలపలేదట. నేను కలుపుతా పద బాబాయ్ అంది ఆ అమ్మాయే. పాపం, చేతులకి ఏదో ఒక పని కావాలి కదా."

ద్రాకోస్ అప్పటికే జీపు తాళాలు తీశాడు. ఇద్దరూ వీధిలోకి పరుగెత్తారు. రొదాంథి ఫోను చెవికి పెట్టుకునే తలుపు లాక్కుంది.

"ఇంకేమైనా మాట్లాడుకున్నారా థెమిస్? గుర్తు తెచ్చుకుని చెప్పు."

"ఆఁ, గుమ్మం దగ్గర ఆ పిల్ల ఒక మాట అడిగింది. నిన్న నా బస్సు కదిలేటప్పుడు నువ్వు మా ఇంటి వైపు ఎక్కుతూ కనబడ్డావు కదా బాబాయ్, నాన్న ఆఖరుగా నీతో ఏమన్నాడు అని."

"అంథిమోస్ ఏమన్నాడు?"

"దానికి జవాబు చెప్పలేదు మేడమ్. ఈ సంగతి పోలీసులకి గానీ చెప్పావా అని అడిగాడు. ఎవరికీ చెప్పలేదు బాబాయ్, నువ్వు ఇబ్బంది పడతావని, అంది."